నిండితేనే కదిలే సీసా: ఎర్రగడ్డ నుంచి పంజాగుట్ట దాకా

ఏడాదిన్నరగా ఈ బ్లాగులో ప్రయాణం అన్న మాటే రాయలేదు. వెళ్తే కదా రాయడానికి! ఎర్రగడ్డ రైతుబజారు దాకా నడిచి, కూరగాయలు తెచ్చి, వాటిని ఉప్పునీళ్ళలో కడిగి, ఆపైన నన్ను నేను కడుక్కోవడం, అంతే నా యాత్రలు. అలాంటిదాన్ని మొన్న గురువారం ఎర్రగడ్డ నుంచి పంజాగుట్టకు వెళ్ళొచ్చాను. మెట్రోలో పావుగంట కూడా పట్టని దూరం. అయినా నేను చేసిన ప్రయాణాల్లో ఇంత హుషారుగా ఇల్లు చేరింది ఇంకొకటి గుర్తు రావడం లేదు. ఇంకా టీకా వేయించుకోనివాళ్ళు, ఒక డోసు అయి రెండోదాని కోసం తిరుగుతున్నవాళ్ళు మీలో చాలామందే ఉన్నారని మీ మెయిళ్ళ వల్ల తెలుసు కాబట్టి, ఎలా వెళ్ళామో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను.

బయల్దేరింది నా కోసం కాదు, మా కింది వాటాలో ఉండే మహమూదా ఆపా కోసం. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెకు యాభై దాటాయి. మైత్రీవనం వెనక గల్లీలో, కోచింగులకు వచ్చే ఆడపిల్లల హాస్టల్లో ఏళ్ళ తరబడి వంట ఆమెదే. లాక్‌డౌన్‌తో మూతపడ్డ ఆ హాస్టలు ఇప్పుడు మళ్ళీ తెరుస్తున్నారు. వంటగదిలో అడుగుపెట్టేవాళ్ళకు రెండు డోసులూ పడి ఉండాలని, గురువారం సాయంత్రానికి టీకా పూర్తయినట్టు ఫోన్లో వచ్చే మెసేజ్ చూపించకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని యజమాని తేల్చి చెప్పాడు. ఆపాకు మొదటి డోసు ఎప్పుడో అయింది. రెండోదాని కోసం రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ వేయించుకోకుండానే తిరిగొచ్చింది. బుధవారం సాయంత్రం మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సునందా, రేపు జర నాతోని వస్తవా? నువ్వు చదువుకున్నదానివి. నువ్వు మాట్లాడ్తె టీకాలేసే సిస్టర్ ఇంటదేమో."

ఇక్కడ ఒక చిన్న వివరం చెప్పాలి. మన దగ్గర ఎక్కువగా వేస్తున్నవి రెండు రకాల టీకాలు. ఒకదానికి రెండో డోసు నెలకే వేస్తారు, ఇంకోదానికి సుమారు మూడు నెలలకు. మా వీధిలో వాటి అసలు పేర్లు ఎవరూ పలకరు. నెల టీకా, మూణ్ణెల్ల టీకా అంటారు. ఆపాది నెల టీకా. ఆ వారం మాకు అందుబాటులో అది వేస్తున్నది పంజాగుట్ట లోపలి గల్లీలోని ఒక కమ్యూనిటీ హాల్లోనే. నాది మూణ్ణెల్ల టీకా, ఒక డోసు అయింది. ఆ ఒక్కటి వేయించుకోవడానికే నేను పడ్డ తంటాలు ఇన్నీ అన్నీ కావు. ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. అచ్చయిన ప్రతి అక్షరాన్నీ అనుమానించినందుకే నాకు జీతం. ఆ అలవాటు సూది మీదికీ పాకింది. చదివినకొద్దీ ఒక అనుమానం తీరి రెండు కొత్తవి పుట్టేవి. చివరికి వెళ్ళింది ధైర్యం వచ్చి కాదు, అనుమానించి అనుమానించి అలసిపోయి. అలాంటిదాన్ని ఆపాకు ధైర్యం చెప్పడానికి వెళ్తున్నానంటే నాకే నవ్వొచ్చింది.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు రైతుబజారు ముందు ఆటో మాట్లాడుకున్నాం. మెట్రోలో ముప్ఫై రూపాయలకు మించదు. కానీ ఆపాకు మోకాళ్ళ నొప్పులు, పైగా తలుపులు మూసిన ఏసీ పెట్టె అంటే ఇప్పట్లో భయం. వరసలో నిలబడ్డ ఆటోల్లో ఒకదాని అద్దం మీద పచ్చటి స్టిక్కరు కనిపించింది: 'ఈ ఆటో డ్రైవర్ టీకా వేసుకున్నాడు.' ఆపా నేరుగా దాని దగ్గరికే నడిచింది. డ్రైవరు పేరు యాదగిరి, నలభై అయిదేళ్ళుంటాయి. తనకూ మనకూ మధ్య ప్లాస్టిక్ తెర కట్టుకున్నాడు, సీటు పక్కన శానిటైజర్ సీసా వేలాడదీశాడు.

"పోయి రానీకి, ఆడ ఆగనీకి, అంత కలిపి మూడు నూర్లు ఇయ్యుర్రి అక్కా."

"ఆగేది అర్ధగంటేగా? రెండు వందల యాభై," అన్నాను.

"అర్ధగంటనా!" అని నవ్వాడు. "టీకా కాడికి పోయినోళ్ళు అర్ధగంటల వచ్చింది నేనైతే చూడలే. సరే, ఎక్కుర్రి."

సన్నగా తుంపర పడుతోంది. ఈఎస్‌ఐ దాటి, ఎస్సార్ నగర్ మలుపు తిరిగి మైత్రీవనం దగ్గరికి వచ్చేసరికి ఆపా తెర పక్కనుంచి మెడ బయటికి పెట్టి చూడటం మొదలుపెట్టింది. కోచింగు సెంటర్ల బోర్డులు ఏడాదిన్నర దుమ్ముతో ఉన్నాయి గానీ, వాటి కింద మళ్ళీ పిల్లలున్నారు! వీపున బ్యాగు, చేతిలో బకెట్టు, బకెట్లో చాప. "దేఖో, దేఖో, నా పిల్లలొచ్చేసిన్రు," అంది ఆపా. వాళ్ళలో ఒక్కరైనా తనకు తెలిసినవాళ్ళు కాకపోవచ్చు. అయినా అందరూ ఆమె పిల్లలే. ఒళ్ళో పెద్ద టిఫిన్ క్యారియర్ పెట్టుకుంది. అందులో కిచిడీ, దాంట్లోకి పుల్లటి ఖట్టా. సూది పడ్డాక అర్ధగంట కూర్చోబెడతారు కదా, ఆకలేస్తుందని తెల్లవారుజామునే లేచి వండిందట.

"నీకు సూది పడ్డప్పుడు చెయ్యి గుంజిందా, యాదగిరి భాయ్?" అని అడిగింది దార్లో.

"నాదెప్పుడో అయిపోయింది ఆపా," అని హారన్ కొట్టాడు యాదగిరి. ముందర బండేమీ లేదు.

పదింటికి హాలు చేరాం. లోపల ఎడం ఎడంగా వేసిన పది కుర్చీలు, ముగ్గురే మనుషులు. బల్ల దగ్గరున్న నర్సు ఆపాను చూడగానే లేచి నిలబడింది. ఆమె పేరు పద్మ, అందరూ సిస్టర్ పద్మ అంటారు.

"మళ్ళొచ్చినవా ఆపా! నిన్ను చూస్తే నాకే గుండె గాబరైతుంది. ఇయ్యాల సుత నీతోని నలుగురే."

నేను ముందుకు వెళ్ళి, తయారుచేసుకొచ్చిన మాటలన్నీ అప్పజెప్పాను. ఆపా ఉద్యోగం, సాయంత్రం గడువు, మూడోసారి రావడం. సిస్టర్ పద్మ ఓపిగ్గా విన్నది. తర్వాత ఐస్‌పెట్టె మూత తెరిచి, బొటనవేలంత సీసా చూపించింది.

"ఇందుల పది మందికి మందుంటది మేడం. ఒక్కపారి తెరిస్తే నాలుగు గంటలల్ల వాడాలె, లేకుంటే పారబోయాలె. మధ్యాన్నం నాకు వేరే కాడ డ్యూటీ. నలుగురి కోసం తెరిచి ఆరుగురి మందు మోరీల పోస్తే నాకు అన్నం పోతదా చెప్పు? పన్నెండున్నరదాక చూస్త. పది మంది అయితే వెంటనే తెరుస్త."

మొన్నటిసారి ఏడుగురి దగ్గర, అంతకు ముందుసారి ఎనిమిదిమంది దగ్గర ఆగిపోయిందట. ఆపా కుర్చీలో కూలబడి, క్యారియర్ కాళ్ళ దగ్గర పెట్టుకుంది. "నక్కో సునందా, వద్దు. వాపస్ పోదాం. నా నసీబుల లేదు." సిస్టర్ చెప్పినదాంట్లో ఒక్క తప్పూ పట్టలేకపోయాను. ఆమె స్థానంలో ఉంటే నేనూ తెరవను.

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్న యాదగిరి ఉన్నట్టుండి తొడ చరిచాడు.

"అరే, గిది షేర్ ఆటో లెక్కనే గదా! నిండితేనే బండి కదుల్తది. ఇరవై ఏండ్ల సంది నేను చేస్తున్న పని ఇదే. లే ఆపా, సవారీలను ఎతుకుదాం!"

అలా మొదలైంది అసలు ప్రయాణం. అంతకు ముందు నేను ఒక్క అపరిచితుణ్ణి కూడా ఆపి మాట్లాడిన మనిషిని కాను. ఆటో ఎక్కగానే యాదగిరి మాస్కు సర్దుకుని, షేర్ ఆటోవాళ్ళ గొంతుతో అందుకున్నాడు: "నెల టీకా, నెల టీకా! ఆరు సీట్లు ఖాళీ, ఫ్రీ ఫ్రీ, ఆధార్ ఉంటే సాలు!" పంజాగుట్ట గల్లీల్లో కిటికీలు తెరుచుకున్నాయి. కొందరు నవ్వారు, ఒకాయన తలుపేసుకున్నాడు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రెండో గల్లీకి వచ్చేసరికి నేనూ అరుస్తున్నాను.

మొదట దొరికింది చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న లక్ష్మమ్మ. "జొరమొస్తదంట గదమ్మా. జొరమొస్తే పెట్టె పట్టనీకి రాదు. ఈ బట్టలెవరు చేస్తరు?" అని అడిగింది. ఏమీ కాదని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ నాకైతే వచ్చింది కదా. "నాకు ఒక రాత్రి జ్వరం వచ్చింది లక్ష్మమ్మా. మర్నాడు సాయంత్రానికి లేచి వంట చేసుకున్నాను. మీకు రావచ్చు, రాకపోవచ్చు. ఎడమ చేతికి వెయ్యమందాం, కుడిచెయ్యి పెట్టె కోసం ఉంచుకుందాం," అన్నాను. ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "ఇంతమంది వచ్చి చెప్పిన్రు గని, జొరమొచ్చిందని ఒప్పుకున్నది నువ్వొక్కదానివే," అని బొగ్గుల మీద నీళ్ళు చల్లి, ఆధార్ కోసం ఇంట్లోకి వెళ్ళింది.

అక్కణ్ణుంచి అమీర్‌పేట వైపు. గడియారాలు బాగుచేసే చిన్న కొట్లో ఖాజా భాయ్ అనే అరవై ఏళ్ళ పెద్దమనిషి కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. ఆయన భయం నేనెప్పుడూ వినంది. "వాట్సాప్‌ల వీడియో వచ్చింది బహెన్. సూదేసిన చేతికి ఇనుము అంటుకుంటదట. మ్యాగ్నెట్ తగిలితే గడియారం ఖరాబైతది. నా ధంధా ఏం గావాలె?" నేను ఇనుము గురించి, సూది గురించి శాస్త్రం ఎత్తుకోబోయాను. ఆపా నన్ను పక్కకు జరిపి, బుర్ఖా చేయి పైకి లాగి, క్యారియర్లోంచి చెంచా తీసి భుజం మీద పెట్టింది. చెంచా టంగుమని కింద పడింది.

"ఇగో, నాకు ఒక సూది పడి రెండు నెలలైంది. చంచా అంటుకుంటే మంచిగుండు భాయ్, వంటింట్ల ఎతుక్కునే పని తప్పుతుండె."

ఖాజా భాయ్ అంతటితో ఒప్పుకోలేదు. డబ్బాలోంచి ఆవగింజంత మరమేకు ఒకటి పట్టకారుతో తీసి ఆపాకు ఇచ్చాడు. ఆమె దాన్ని అక్కడే ఆనించింది. అదీ జారిపోయింది. ఆ మరమేకు వెతకడానికి నలుగురం నేల మీద పాకాల్సి వచ్చింది. దొరికాక ఆయన నవ్వుతూ షట్టరు సగం దించాడు. "చలో. ఇంత చిన్నది సుత అంటుకోలేదంటే ఫికర్ లేదు."

బస్టాపు దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్ళు, స్రవంతి, మౌనిక, కరీంనగర్ బస్సు దిగి సామాన్లతో నిలబడి ఉన్నారు. యాదగిరి కేక విని తల తిప్పారు, ఆటోలో ఆపాను చూసి ఎగిరి గంతేశారు. "ఖట్టీ దాల్ ఆపా!" లాక్‌డౌన్‌కు ముందు ఆ హాస్టల్లోనే ఉండేవారట. వాళ్ళ ఊళ్ళో స్టాకు అయిపోయి ఒక్క డోసూ పడలేదు. "హాస్టల్ల నువ్వు లేవా ఆపా? కొత్త వంటామె వస్తదంటున్నరు," అంది చిన్నది మౌనిక. ఆపా నవ్వు ఒక్క క్షణం ఆగింది. "అదే తేల్చుకోనీకి పోతున్న, ఎక్కుర్రి," అంది. ఆటో నిండటంతో ఖాజా భాయ్ తన సైకిలు మీదే ముందు వెళ్ళాడు. తిరుగు దారిలో టీ కొట్టు నడిపే భార్యాభర్తలు ఇద్దరూ వెనకే నడిచి వస్తామన్నారు. లెక్క సరిపోయింది! పన్నెండు కాకముందే హాలు ముందు దిగాం. యాదగిరి లోపలికి తొంగిచూసి, "సిస్టర్, బండి ఫుల్లు! పోనియ్యి!" అని అరిచాడు. సిస్టర్ పద్మ నిజంగానే చప్పట్లు కొట్టింది.

వివరాలు ఎక్కించేటప్పుడు తెలిసింది నేను చేసిన పొరపాటు. టీ కొట్టాయనకు ఒక డోసు అయింది, రెండోదాని కోసం వచ్చాడు. కానీ ఆయనకు పడింది మూణ్ణెల్ల టీకా. ఇది వెయ్యడానికి లేదు. టీకా అయిందా అని అందర్నీ అడిగానే గానీ, ఏది అయిందని అడగలేదు. అక్షరం అక్షరం పట్టి చూసే మనిషిని, అడగాల్సిన ఒక్క ప్రశ్న వదిలేశాను.

"తొమ్మిది మంది," అంది సిస్టర్ పద్మ మెల్లగా.

"నాకు వెయ్యండి," అన్నాను వెంటనే. అనగానే తెలిసింది, నాదీ మూణ్ణెల్లదే. నెలలపాటు సూదికి దూరంగా పరిగెత్తిన నేను, ఇప్పుడు చెయ్యి చాపినా పనికిరాను. గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. మళ్ళీ వెళ్దామని యాదగిరి కోసం చూశాను. అతను గుమ్మం బయట ఆటో అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"అన్నా, నీది?" అని లోపల్నుంచే అడిగింది సిస్టర్.

"ఆయనకు అయిపోయింది, స్టిక్కర్ ఉంది కదా," అన్నాను నేనే.

యాదగిరి గుడ్డ భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. 

"స్టిక్కరైతే ఉంది అక్కా. సూదే పడలే. స్టాండుల పంచుతుంటే ఒకటి అడుక్కున్న. అది లేకుంటే ఆడోళ్ళు ఎక్కుతలేరు." తల వంచుకుని, తన బొడ్డు చుట్టూ చేత్తో గీసి చూపించాడు. "చిన్నప్పుడు కుక్క కరిచింది. ఈడ సుట్టూ సూదులు పొడిచిన్రు. దినాం పోవాలె, నలుగురు పట్టుకోవాలె. గప్పటిసంది సూదంటే కాళ్ళల్ల పానం ఉండది."

మా వయసువాళ్ళలో కుక్కకాటు సూదులంటే వణకనివాళ్ళెవరు! ఎవ్వరూ నవ్వలేదు. ఆపా మటుకు లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"వాహ్ రే యాదగిరి! పొద్దుగాల్నుంచి ఊరందరికీ టీకాలమ్మినవ్, నీ దుకాణం ఖాళీ! నీ స్టిక్కర్ చూసే గదరా నీ బండెక్కిన!" తిట్టు అక్కడ ఆగింది. కూర్చుని, గొంతు తగ్గించింది. "కాని ఇను. నా నౌక్రి కోసం ఏసుకోకు. నౌక్రి పోతే ఇంకోటి చూసుకుంట. నీకు దిల్ ఉంటే ఏసుకో, లేకుంటే నక్కో."

నౌక్రి పోతే ఆమెకు ఇంకోటి దొరకదని నాకు తెలుసు. అయినా ఆమె అన్నదే నిజం. అతన్ని ఒప్పించాలా, ఊరుకోవాలా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

యాదగిరి బయట ఉన్న ఆటో వైపు చూశాడు. "నీ కోసం కాదు ఆపా. ఆ స్టిక్కర్ చూసి రోజూ ఎక్కుతున్నరు. చంటిపిల్లలను సుత ఎక్కించుకుంటరు." చొక్కా చేయి మడిచాడు. "కాని ఫస్ట్ నాకే ఎయ్యాలె. చూసుకుంట కూసుంటే ఉరుకుత."

సీసా తెరుచుకుంది. ఆపా, ఖాజా భాయ్ ఇద్దరూ అతని కుడిచెయ్యి పట్టుకున్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని ఎందుకో తన రూటు పాడటం మొదలుపెట్టాడు: "పంజాగుట్ట, అమీర్‌పేట, మైత్రీవనం, ఎస్సార్ నగర్..."

"దిగు అన్నా, నీ స్టేజీ వచ్చింది," అంది సిస్టర్ పద్మ దూది అదుముతూ. "ఎర్రగడ్డ దాక పోవుడు అక్కర్లే."

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. నేనైతే కన్నీళ్ళొచ్చేదాకా నవ్వాను. తర్వాత వరసగా లక్ష్మమ్మ ఎడమ చెయ్యి, అక్కచెల్లెళ్ళు, ఖాజా భాయ్, టీ కొట్టామె, ముందునుంచీ కూర్చున్న ముగ్గురు, చివరగా ఆపా. అర్ధగంట వరండా మెట్ల మీద ఎడం ఎడంగా కూర్చుని, తుంపర చూస్తూ కిచిడీ, ఖట్టా తిన్నాం. టీ కొట్టాయన వట్టినే కూర్చోలేక అందరికీ టీ పట్టుకొచ్చాడు. నాకు తెలిసిన హైదరాబాదులో ఏడాదిన్నర తర్వాత ఇంతమంది ఒక్కచోట తినడం నేను చూసింది అదే మొదలు.

మెసేజ్ తిరుగు దారిలో వచ్చింది, సరిగ్గా మైత్రీవనం దగ్గర. ఆపా ఫోను నా చేతికిస్తే నేనే దాన్ని యజమానికి పంపాను. గల్లీ మొదట్లో ఆటో ఆపుకుని ఎదురుచూశాం. వచ్చిన జవాబు చిన్నదే: 'సోమవారం రా ఆపా.' ఆమె వెంటనే దిగి హాస్టల్లోకి వెళ్ళిపోయింది. పది నిమిషాల తర్వాత ఒక పెద్ద గరిటె ఊపుకుంటూ వచ్చింది. "చూడు, నేను లేనప్పుడు ఎవడో దీన్ని వంచిండు. ఇంటికి తీస్కపోయి సాపు చేస్త." ఎర్రగడ్డ దాకా గరిటె ఒళ్ళోనే ఉంది.

ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర రాలేదు, అంత సంబరం. టీకా గురించి నా అనుమానాలన్నీ తీరాయని చెప్పను. అనుమానించడం నా స్వభావం, అది ఏ సూదికీ పోదు. కానీ ఇన్నాళ్ళూ ఇది నా ఒక్కదాని చేతికి, నా ఒక్కదాని నిర్ణయానికి సంబంధించిన విషయమనుకున్నాను. ఒక సీసాలో పది మంది ఉంటారని, తొమ్మిది మంది ఎంత సిద్ధంగా ఉన్నా పదోవాళ్ళు రాకపోతే మూత తెరుచుకోదని అప్పటిదాకా నాకు తట్టనేలేదు. దిగేటప్పుడు యాదగిరి, నేను మరో యాభై కలిపి ఇచ్చిన మూడు వందలు తీసుకుని, నొప్పి చెయ్యి రుద్దుకుంటూ, "నెలకు మళ్ళ నాకు పది మంది కావాలె గదా అక్కా?" అన్నాడు. అద్దం మీద స్టిక్కరు ఒక మూల లేచిపోయి ఉంది. బొటనవేలితో దాన్ని గట్టిగా అదిమి, అతికించి మరీ వెళ్ళాడు.

మీకు పనికొచ్చే సలహా కూడా అతని ప్రశ్నలోనే ఉంది. ఒకే సీసా నుంచి మొదటి డోసు వేయించుకున్నవాళ్ళందరికీ రెండోది ఒకేరోజుకు వస్తుంది. కాబట్టి ఆ అర్ధగంట కూర్చోబెట్టినప్పుడు ఊరికే ఫోన్లు చూసుకోకుండా, పక్కవాళ్ళ నంబరు అడిగి తీసుకోండి. మాలో ఆ రోజు మొదటి డోసు వేయించుకున్నవాళ్ళను ఖాజా భాయ్ అప్పటికప్పుడు ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. దాని పేరు 'సీట్లు ఫుల్లు'.